చక్రాల కింది దుబ్బ

పిట్లం, మార్చి 18

మంజీర ఇసుక టిప్పర్లు మళ్లీ మొదలయ్యాయి. తడి ఇసుక నింపుకొని నీళ్లు కారుతూనే పోతాయి. ఆ నీళ్లతో పాటు ఒండ్రు రోడ్డు మీద పడుతుంది, పొద్దెక్కేసరికి ఎండుతుంది, వెనక వచ్చే బండి చక్రం దాన్ని నలిపి లేపుతుంది. పెరట్లో గోంగూర ఆకు మీద వేలు ఆనిస్తే వేలిముద్ర పడింది. తారురోడ్డు ఉంటే దుబ్బ ఉండదనుకుంటారు. తెచ్చి పోసే బండ్లు ఆగకపోతే ఏ రోడ్డైనా ఒకటే.

ఏప్రిల్ 2

అల్లుడు గోదావరిఖని నుంచి వచ్చాడు. ఓపెన్‌ కాస్టు బొగ్గు గనిలో 100 టన్నుల డంపర్ నడుపుతాడు. అన్నం తిన్నాక అడిగాను, గనిలో దుబ్బ ఎక్కడ ఎక్కువ లేస్తుందని.

“బ్లాస్టింగ్‌ది కంటికి కనవడ్తది మామా, జరసేపట్ల పోతది. డంపర్లు తిరిగే రోడ్డుదే షిఫ్టంత లేస్తనే ఉంటది.”

నీళ్లు చల్లరా అంటే, ట్యాంకర్ తిరుగుతూనే ఉంటుందట, ఏప్రిల్ ఎండకు తడి నిలవదట. ఎక్కువ చల్లితే బురదై చక్రం జారుతుంది. పదహారు అడుగులకు ఒక అడుగు లేచే ఎగుడు మీద, అంత బరువుతో జారితే ఇంకేమన్నా ఉందా! నీళ్లు తక్కువైతే ఊపిరికి ముప్పు, ఎక్కువైతే ప్రాణానికే. ఈ సంగతి నేనెక్కడా చదవలేదు.

“కొత్త బండ్లకు ఏసీ క్యాబిన్ ఉన్నది. బయట నిలవడ్డోళ్లకే కష్టం” అన్నాడు. ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు.

ఏప్రిల్ 5

బొగ్గు గనుల గాలికి 2000లో ప్రమాణాలు పెట్టారు. దుమ్ము లేచే చోటుకు 500 మీటర్ల దూరంలో కొలవాలి. గనికైతే సరే. మరి బొగ్గు లారీ ఊళ్ల మధ్యనుంచి పోతే? దుమ్ము లేచే చోటే ఇంటి గడప ముందుకు నడిచి వస్తుంది. అక్కడ 500 మీటర్లు ఎటు లెక్కపెట్టాలి?

సత్తుపల్లి బొగ్గు ఏళ్ల తరబడి లారీల్లోనే కొత్తగూడెం వైపు పోయింది. సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం 2022లో మొదలయ్యాకే దానికి పట్టాల దారి దొరికింది. నా మనసుకు తోచిన అసలు మందు ఇదే. నీళ్లూ టార్పాలినూ కావాల్సిందే, కాదనను. కానీ ఊళ్లోంచి తిరిగే చక్రాల సంఖ్య తగ్గనిదే గాలి బాగుపడదు. కంటికి కనిపించే దుబ్బ ముక్కులోనే చాలావరకు ఆగుతుంది. కనిపించనిది ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూర్చుంటుంది. పిల్లలకు మాస్కులు పెట్టమనేవాళ్లను చూస్తే కోపం వస్తోంది. చిన్నపిల్లలు ఊపిరి పీల్చుకోవడానికి జాగ్రత్తలు నేర్చుకోవాలా?

ఏప్రిల్ 9

మనకు రైలు లేదు. బోధన్–బీదర్ లైను మాట వింటూ ముసలివాణ్ణయ్యాను. తహసీల్దారుకు అర్జీ రాశాను: ఇసుకను ఒడ్డునే కుప్పపోసి, నీరు పూర్తిగా కారాకే ఎత్తాలి. బడి మొదలయ్యే వేళ, విడిచే వేళ టిప్పర్లు ఆగాలి. రోడ్డు మీది ఒండ్రును ఎత్తిపోయించాలి, నీళ్లు చల్లి వదిలేస్తే మధ్యాహ్నానికి మళ్లీ అదే దుబ్బ.

రేపు సంతకాలకు తిరగాలి. ముందు అంగన్‌వాడీకి పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులను అడుగుతాను.