బీరపొట్టు

మేమిద్దరం తోడికోడళ్ళం. ఒకరు 1979లో, ఒకరు 1981లో మిట్టేమరి ఇంటికి కాపురానికి వచ్చాము. (అప్పుడు బాగేపల్లి తాలూకా కోలారు జిల్లాలోదే, చిక్కబళ్ళాపురం జిల్లా 2007లో గదా ఏర్పడింది!) ఇద్దరమూ బెంగళూరులో పెరిగినవాళ్ళం. బీరకాయ చెక్కు తీస్తే పారవేయడమే తెలుసు. పల్లె గనుక ఎనుము ముందు వేశాము.

అత్తగారు చూసి, "ఎనుముకు చొప్ప ఉందమ్మా, మనకే కూరాకు లేదు" అన్నారు. మరునాడు తానే కత్తిపీట ముందు కూర్చున్నారు.

ఆమె చేసే ఊరిబిండి ఇట్లా ఉండేది. కాయను ముందే కడిగి, ఈనెలు మాత్రం గీకి తీసి, పొట్టును చెనక్కాయ నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించడం. అందులోనే పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు. రోట్లో మొదట వేయించిన చెనక్కాయ పప్పులు, ఉప్పు, తెల్లగడ్డలు వేసి దంచి, ఆపైన పొట్టు. మెత్తగా నూరితే ఆమెకు కోపం, పంటికి తగలాలట. వేడి రాగిముద్దలోకి దానికి సాటి లేదు. సొరకాయ తొక్కూ అంతే. ఆకుకూర, అలసందలు ఉడికించిన నీళ్ళయినా పారబోసేవారు కారు. వార్చి బస్సారు కాచేవారు.

ఒకసారి బెంగళూరు నుంచి చుట్టాలు వచ్చారు. వంటింట్లో వాళ్ళతో, "మా అత్త పీనాసి, తొక్కలు కూడా వదలదు" అని నవ్వాము. ఆమె నడవలో రాగులు చెరుగుతూ ఉన్నారు. ఆనాటి నుంచి పొట్టు తానే తీసుకువెళ్ళి ఎనుముకు వేసేవారు. ఒక్క మాట అనలేదు. మేమూ తప్పు ఒప్పుకోలేదు.

నెలలు గడిచాక పక్కింటి అవ్వ చెప్పింది. వానలు తప్పి చెరువు ఎండిన ఒక ఏడు అత్తగారు నాలుగిళ్ళు తిరిగి, ఎనుముకని చెప్పి తొక్కలు అడిగి తెచ్చేవారట. "ఎనుము యాడుందమ్మా? దాన్ని ముందే అమ్మేసిరి గదా!" అన్నది అవ్వ.

మరునాడు పొట్టు తీసి రోలు పక్కన పెట్టాము. అత్తగారు చూసి, చెనక్కాయలు వేయించమన్నారు. అంతే.

ఇప్పుడామె లేరు. మేమిద్దరం బెంగళూరులో ఉన్నాము. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందనీ, అందులో నూటికి 60 పాళ్ళు ఇళ్ళలోనేననీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో చెప్పింది. ఆ లెక్కలో తొక్కలూ గింజలూ చేరే ఉన్నాయి. కాని అంగడి కాయ తొక్క అంటే మాకు జంకే. పెరటి పాదుకు అత్తగారు బూడిద చల్లేవారు. అంగడి కాయమీద ఏ మందు చల్లారో ఎవరిని అడగడం? ఉప్పునీళ్ళలో కడిగినా అంతా పోతుందన్న నమ్మకం లేదు. మరొక జాగ్రత్త: బీర, సొర ఏదైనా సరే, కొనను చిన్న ముక్క కొరికి చూడాలి. చేదైతే కాయంతా పారవేయవలసిందే. చేదు సొరరసం తాగి ప్రాణం పోగొట్టుకొన్నవారున్నారు. ఈ విషయంలో అత్తగారు కూడా పొదుపు చూసేవారు కారు.

ఈ ఏడు మేడమీద రెండు కుండీలలో బీరపాదు పెట్టాము. ఇంతవరకు మూడు కాయలు దిగినవి. ఒకటి చేదు.