వాషింగ్టన్‌లో కనిపించిన కొల్లేరు

వాషింగ్టన్ వెళ్లినవాళ్లు వైట్‌హౌస్ చూస్తారు. నేను నాసా ప్రధాన కార్యాలయం చూస్తానన్నాను. "ఒక్కడివే వెళ్లగలవా నాన్నా?" అంటూనే మా అమ్మాయి మెట్రో ఎక్కించింది.

లాన్‌ఫాంట్ ప్లాజా స్టేషన్‌లో దిగితే పైకి రావడానికి ఒకటి కాదు, ఎన్నో దారులు. మనవైపు అయితే టీకొట్టు దగ్గర అడిగితే సరి. అక్కడ భవనాలే తప్ప ఆగి మాట్లాడే మనిషి లేడు. ఒకే కూడలికి రెండుసార్లు వచ్చాక మేరీ డబ్ల్యూ. జాక్సన్ పేరున్న భవనం కనిపించింది. నాసాలో తొలి నల్లజాతి మహిళా ఇంజనీరు ఆమె. 2021లో ఆ భవనానికి ఆమె పేరు పెట్టారు.

లోపల 2023లో తెరిచిన భూ సమాచార కేంద్రం ఉంది. టికెట్ లేదు. గోడంత తెరమీద అడవి మంటల పొగ సముద్రాలు దాటిపోతుంటే నోటమాట రాలేదు. అక్కడ పనిచేసే అమ్మాయి, "ఇలాంటివి మీ ఫోన్‌లోనూ చూడొచ్చు" అంటూ నాసావారి వరల్డ్‌వ్యూ తెరిచి ఇచ్చింది. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో చాలావరకు మూడు గంటల్లోపే అందులోకి వచ్చేస్తాయట!

మధ్యాహ్నం నేషనల్ మాల్ పచ్చికలో కూర్చుని పులిహోర డబ్బా తీశాను. పక్కన కాన్సాస్ నుంచి వచ్చిన పెద్దాయన, రైతు. పులిహోర తిని "నిమ్మకాయా?" అన్నాడు. చింతపండు అంటే ఏమిటో చెప్పడానికే పావుగంట పట్టింది. తర్వాత ఆయన నా ఫోన్ తీసుకుని వరల్డ్‌వ్యూలో తమ పొలాలు చూపించాడు. పెనం మీద దోసెల్లా అన్నీ గుండ్రంగా ఉన్నాయి! నడుమ బోరు, దాని చుట్టూ తిరుగుతూ నీళ్లు చల్లే పొడవాటి గొట్టం. ఒక్కో గుండ్రం దాదాపు 125 ఎకరాలట. మా ఊళ్లో అరెకరం గట్టు కోసం అన్నదమ్ములు మాటలు మానేస్తారు.

నేను కైకలూరు వైపు జరిపాను. చదరపు గళ్లు చూసి ఆయన "ఇది ఏ పంట?" అన్నాడు. చేపల చెరువులన్నాను. కొల్లేరు నీలంగా ఉంటుందనుకున్నాను, గుర్రపుడెక్కతో, తుంగతో ఆకుపచ్చగా ఉంది. ఎంతోకాలం పడవలో తిరిగిన సరస్సే, పైనుంచి చూస్తే చెరువు గట్లు దాన్ని ఎంత మింగాయో తెలిసి గుండె బరువెక్కింది.

రెండు తేదీలు పక్కపక్కన పెట్టి నడుమ గీతను వేలితో జరిపే వీలుంది. మార్చిలో డెల్టా దాళ్వా వరితో పచ్చగా, మేలో కోతలైపోయి మట్టిరంగులో! "ఇదంతా రెండో పంటా?" అని ఆయన వేలు మళ్లీ మళ్లీ అటూ ఇటూ జరిపాడు.

అంతదూరం వెళ్లలేకపోయినా ఫోన్‌లో వరల్డ్‌వ్యూ తెరవండి, డబ్బు కట్టక్కర్లేదు. ముందు మీ ఊరి పెద్దచెరువు వెతకండి. తేదీ జనవరిది పెట్టండి. ఆగస్టుది పెడితే చాలా రోజులు మబ్బులే కనిపిస్తాయి.