నీళ్లు తాగే బండి

నరసరావుపేటలో టీకి ఆగినప్పుడు లీటరు నీళ్లు తాగిన బండి వినుకొండ చేరేసరికి మళ్లీ అడిగింది. గుంటూరు నుంచి శ్రీశైలం ప్రయాణం, మే నెల ఎండ, బండి నిండా చుట్టాలు. బండి మా మేనమామది. పాత టెంపో ట్రావెలర్, వెనక తలుపు మీద ఇంకా ‘బజాజ్ టెంపో’ అనే ఉంటుంది. కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకుంది గానీ ఈ బండికి ఆ కబురు అందినట్టు లేదు.

లోపలిది జర్మనీలో బెంజి కార్లను లాగిన ఓఎం 616 డీజిల్ ఇంజన్. 2.4 లీటర్లు, నాలుగు సిలిండర్లు. లైసెన్సు మీద మన దేశంలోనే తయారై, మన గతుకులన్నీ తిని, ఇప్పటికీ గుర్‌గుర్‌మంటూ నడుస్తోంది. ఈ బండ్లలో ఇంజన్ సగం బయట, సగం క్యాబిన్లో ఉంటుంది. డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్య మూపురంలా లేచిన కవరు కిందే దాని కాపురం. ఆ పక్క సీట్లో కూర్చున్న మా అత్తయ్య కోటప్పకొండ దగ్గరే మొదలుపెట్టింది. “కాళ్లు కాలిపోతున్నాయిరా, ఇదేం బండి!” ఎండాకాలం కదా అని ఎవరం పట్టించుకోలేదు. మీటరు ముల్లు మాత్రం ఉండాల్సిన చోటు కంటే ఒక గీత పైనే ఉంది.

డ్రైవరుది మా ఊరే. వరసకు బాబాయ్ అవుతాడు. ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టినవాడు. వినుకొండ బస్టాండు దాటాక చెట్టు కింద బండి ఆపి, కవరు క్లిప్పులు తీసి, లోపలికి తొంగిచూసి ముక్కు ఎగబీల్చాడు.

“నీళ్లు ఎటు పోతున్నాయో తెలీకుండా పోస్తూ పోతే శ్రీశైలం డ్యాము కూడా చాలదు అబ్బాయ్” అన్నాడు.

ఇంజన్లోంచి నీళ్లు పోవడానికి దారులు మూడే. ఒకటి, ఎక్కడో కారి నేల మీద పడటం. రెండు, మరిగి మూతలోంచి పొంగిపోవడం. మూడోదే అసలు భయం. హెడ్ గాస్కెట్ కాలితే నీళ్లు సిలిండర్లోకో ఇంజన్ ఆయిల్లోకో దిగుతాయి. మొదటి రెండిట్లో ఏదైనా ఖర్చు వేలల్లో తేలిపోతుంది. మూడోదైతే హెడ్డు విప్పాలి, లేత్ షాపులో మట్టం కొట్టించాలి, యాత్ర ఆ ఊళ్లోనే సమాప్తం. అందుకే బాబాయ్ ముందు ఆ మూడోదాన్నే చూశాడు. ఆయిల్ గేజి పుల్ల లాగి గుడ్డకు తుడిచాడు. నల్లటి ఆయిలే గానీ పాల టీ రంగు లేదు. ఆయిల్ పోసే మూత తిప్పి అడుగు చూశాడు. తెల్లటి మీగడ లాంటిదేమీ అంటుకోలేదు. నన్ను వెనక్కి పంపి ఎక్సలేటరు తొక్కాడు. సైలెన్సరులోంచి వచ్చింది డీజిల్ పొగే. తెల్లగా, ఆగకుండా, తియ్యటి వాసనతో ఆవిరి వస్తే అది వేరే కథ.

రేడియేటరు మూత తీసి బుడగలు వస్తున్నాయేమో చూద్దామన్నాను. బాబాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. మామూలుగా నీళ్లు నూరు డిగ్రీలకు మరుగుతాయి. మూత బిగించి సుమారు ఒక బార్ ఒత్తిడిలో ఉంచితే నూట ఇరవై దాకా మరగవు. ఆ ఒత్తిడి మీద ఉన్నప్పుడు మూత తిప్పితే అంతా ఒక్కసారి ఆవిరై మొహం మీదికి వస్తుంది. ఆయన ఎడమ ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది. దాని గురించి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

త్రిపురాంతకంలో ఎలాగూ ఆగాలి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. తూర్పు నుంచి వచ్చేవాళ్లు ఇక్కడ దణ్ణం పెట్టుకోకుండా ముందుకు పోకూడదని మా అత్తయ్య పట్టు. అందరూ కొండ మీది గుడికి వెళ్లారు. నేనూ బాబాయీ కింద కిరాణా కొట్టులో అడిగి తెచ్చిన బిస్కెట్ల అట్టపెట్టె చించి ఇంజన్ కింద పరిచాం. చుక్క పడితే ఎక్కడ పడిందో అట్ట మీద తెలిసిపోతుంది, దాన్ని బట్టి పైన ఏ భాగమో పట్టుకోవచ్చు. ఇంజన్ నడుస్తూనే ఉంది. వాళ్లు దర్శనం చేసుకుని, కొబ్బరి చిప్పలతో తిరిగొచ్చినా అట్ట మీద ఒక్క చుక్క లేదు. కవరు కింద మాత్రం ఒక పక్కంతా తెల్లటి సున్నం పొడి చల్లినట్టుంది. ఫ్యాను వెనక, బ్లాకు మీద, బెల్టు అంచున.

ఆ పొడి చూశాక బాబాయ్ మొహం కాస్త తేటపడింది. మా వైపు బోరు నీళ్లు, అందులోనూ ఈ పశ్చిమ ప్రకాశం నీళ్లు పోసిన బండికి అదే గుర్తు. కారిన నీళ్లు వేడి మీద క్షణంలో ఆరిపోతాయి గానీ వాటిలోని ఉప్పూ సున్నమూ ఎక్కడికీ పోవు. ఈ నేలలో నీటి సంగతి ఇంజన్ల కంటే ముందు మనుషుల పళ్లకే తెలుసు. ఫ్లోరైడు మరకలు పడిన పళ్లు ఈ దారి పొడుగునా కనిపిస్తాయి. కృష్ణ నీళ్లు ఇటు తేవడానికి దోర్నాల దగ్గర కొండ కింద 18 కిలోమీటర్ల పైచిలుకు పొడవున వెలిగొండ సొరంగాలు తవ్వుతూ ఏళ్లు గడిచిపోయాయి.

ఎర్రగొండపాలెం మీదుగా తిన్నగా దోర్నాల పోవాలన్నది మొదటి ఆలోచన. దోర్నాల దాటితే సుమారు యాభై కిలోమీటర్లు నల్లమల. ఘాట్ రోడ్డు, పులుల అభయారణ్యం, రాత్రి తొమ్మిదికి ఫారెస్టు గేటు వేస్తే మళ్లీ పొద్దున ఆరుకే తీస్తారు. ఆ మలుపుల్లో బండి ఆగితే ఫోను సిగ్నలు కూడా ఉండదు. మార్కాపురం వైపు తిప్పుదామన్నాడు బాబాయ్. అక్కడ రేడియేటరు షాపులున్నాయి, స్పేర్ పార్టులూ దొరుకుతాయి. పిల్లలు మూతులు ముడుచుకున్నారు. పెద్దవాళ్లు లాడ్జి వెతుక్కున్నారు.

షాపు భాయ్‌ది మహా తీరుబడి. వేడి బండి మీద చెయ్యి వెయ్యనన్నాడు. “రాత్రి ఇక్కడే వదిలెయ్యండి సార్. పొద్దున చల్లగా ఉన్నప్పుడే దొంగ దొరుకుతాడు. వేడి మీద రబ్బరూ ఇనుమూ ఉబ్బి సందులు మూసుకుంటాయి.” బండి కదలకుండా వెనక చక్రం కింద పెట్టింది పలకరాయి ముక్క. మార్కాపురం కదా! ఒకప్పుడు దేశంలో బడికెళ్లే పిల్లల చంకల్లో ఈ ఊరి పలకలే. ప్లాస్టిక్ పలకలూ నోటుపుస్తకాలూ వచ్చాక ఆ రాయి గోడలకూ నేలకూ పరిచే బిళ్లలుగా మారి బతుకుతోంది. భాయ్ లెక్క రాసుకునేది కూడా ఓ విరిగిన పలక మీదే, సుద్దతో.

పొద్దున చల్లారిన రేడియేటరు మూత తీశాడు. మూత కింది రబ్బరు వాచరు గట్టిపడి, అంచున చీలి ఉంది. ఒత్తిడి నిలబడదు, అందుకే పొంగు. రేడియేటరు నోట్లో వేలు పెట్టి తీస్తే పసుపు కలిపిన బురద అంటుకొచ్చింది.

“ఎవరో పసుపు పోశారు” అన్నాడు భాయ్.

బాబాయ్ ఆకాశం వైపు చూశాడు. పాత డ్రైవర్లకు ఇది తెలిసిన చిట్కాయే. రేడియేటరు సన్నగా కారుతుంటే గుప్పెడు పసుపు వేస్తారు, అది చిల్లులో ఉబ్బి అడ్డం పడుతుంది. ఊరు చేరడానికి పనికొస్తుంది, కాదనను. కానీ చిల్లుకూ సన్నటి గొట్టానికీ పసుపుకు తేడా తెలీదు. రెండిటినీ మూస్తుంది. నా మాటకొస్తే, పైపు పగిలితే పాత సైకిల్ ట్యూబు ముక్క లాగి చుట్టి తీగతో బిగించడం దీనికంటే వెయ్యి రెట్లు నయం. దాని వల్ల ఇంకో భాగం చెడదు.

మూత చోట ఓ చేతిపంపు తగిలించి భాయ్ గాలి కొట్టాడు. దాని మీటరు ముల్లు లేచింది, ఆగింది, మెల్లగా దిగసాగింది. ఎక్కడా చప్పుడు లేదు. భాయ్ టార్చి పట్టుకుని బండి కిందికి దూరి నన్నూ పిలిచాడు. వాటర్ పంపు మెడ కింద చిన్న రంధ్రం, బియ్యపు గింజ పట్టేంత. దాని అంచున ఒక నీటిబొట్టు పెరుగుతోంది. పెరిగి, సాగి, పడింది. ఇంకోటి మొదలైంది.

ఆ రంధ్రం చెడిపోయి పడింది కాదు, చేసినవాడు కావాలని పెట్టింది. పంపు ఇరుసుకు ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క బేరింగు. మధ్యలో సీలు. సీలు అరిగితే కారిన నీళ్లు బేరింగులోకి పోకుండా బయటపడాలని ఆ కన్నం. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఆ బొట్లను ఫ్యాను గాలి వెనక్కి విసిరి బ్లాకు మీద ఆరబెట్టేస్తోంది. మా అట్ట మీద చుక్క పడకపోవడానికి కారణం అదీ. భాయ్ ఫ్యాను రెక్క పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. లటలటమంది. అంటే బేరింగు కూడా పోతోంది. ఇలాగే ఘాట్ ఎక్కి ఉంటే ఏ మలుపులోనో బేరింగు విరిగి, ఫ్యాను ఎగిరి రేడియేటరును కోసేసేది.

పంపుకు కిట్ వేయించి సరిపెడదామన్నాడు బాబాయ్, ఖర్చు తగ్గుతుందని. భాయ్ ఒప్పుకోలేదు. ఇరుసు అరిగిపోయాక కొత్త సీలు ఎన్నాళ్లుంటుంది? పూర్తి పంపే వెయ్యాలి. ఊళ్లో లేదు. ఒంగోలుకు ఫోను చేస్తే ఆర్టీసీ బస్సులో పార్సిలు వేస్తామన్నారు. ఆ బస్సు వచ్చేలోపు మావాళ్లు చెన్నకేశవస్వామి గుడి చూసొచ్చారు, పిల్లలు తలా ఒక పలక కొనిపించుకున్నారు. భాయ్ కుర్రాడు రేడియేటరు విప్పి, నీళ్ల పైపు పెట్టి కింది నుంచి పైకి కడిగాడు. పసుపు, తుప్పు, సున్నం, అన్నీ కలిసి కాలవలోకి పోయాయి.

పంపు వచ్చాక పని చకచకా సాగింది. పాత గాస్కెట్ అంటుకున్నచోట బ్లేడుతో గీకడానికే ఎక్కువసేపు పట్టింది. అక్కడ పలుకంత మిగిలినా కొత్తది కారుతుంది. బోల్టులు ఒకదాని ఎదురుగా ఒకటి, కొంచెం కొంచెంగా బిగించాడు. ఎదురు చూడని గొడవ థర్మోస్టాట్ దగ్గర వచ్చింది.

“అది తీసి పారెయ్ భాయ్. మన ఎండలకి దాంతో పనేంటి?” అన్నాడు బాబాయ్.

“ఉంచాలి పెద్దాయనా. తీస్తే నీళ్లు రేడియేటరు వైపు సగమే పోతాయి. మిగతా సగం పక్కదారిలో ఇంజన్లోనే తిరుగుతాయి. ఘాట్లో అప్పుడు చూద్దురుగాని.”

నేను భాయ్ పక్షమే. ఎనభై డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ చిన్న తలుపు ఇంజన్ను చల్లగా ఉంచడానికే కాదు, తగినంత వేడిగా ఉంచడానికి కూడా. చల్లటి ఇంజన్లో డీజిల్ సరిగ్గా కాలదు, సిలిండర్లూ త్వరగా అరుగుతాయి. వేడి నీళ్ల గిన్నెలో వేసి చూస్తే అది చక్కగా తెరుచుకుంది. బాబాయ్ గొణుక్కుంటూ టీకి వెళ్లాడు.

కూలెంటూ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోశారు. బోరు నీళ్లు వద్దన్నాడు భాయ్. ముందు చక్రాలు చిన్న దిబ్బ మీదికి ఎక్కించి, మూత తీసే ఇంజన్ నడిపి, పై పైపును పిసుకుతూ లోపలి గాలి బుడగలు పోయేదాకా ఉన్నాం. గాలి మిగిలితే మీటరు కూడా అబద్ధం చెబుతుంది. కొత్త మూత బిగించారు. కూలెంట్ డబ్బా మీద గీత చెరిగిపోయి ఉంటే, చల్లారాక నీటి మట్టం దగ్గర మా మేనకోడలు తన నుదుటి స్టిక్కరు బొట్టు తీసి అంటించింది.

దోర్నాల గేటు తొమ్మిది కొట్టకముందే దాటాం. ఘాట్లో రెండో గేరు, మూడో గేరు, పక్కన చీకట్లో నల్లమల. బాబాయ్ కళ్లు రోడ్డు మీద కంటే మీటరు మీదే ఎక్కువ ఉన్నాయి, అదొక కొత్త భయం. ముల్లు నడిమధ్యన కూర్చుని కదల్లేదు. మా అత్తయ్య కాళ్లు మళ్లీ కాలాయి. ఆ కవరు కింద ఇంజనున్నంత కాలం కాలుతూనే ఉంటాయి. శిఖరం దగ్గరికి వచ్చేసరికి పొద్దుపోయింది. నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం చూస్తే మరుజన్మ ఉండదంటారు గానీ, ఆ చీకట్లో చూడగలిగేదేమీ లేదు. తిరుగు దారిలో చూద్దామని అత్తయ్య బండిలోంచే దణ్ణం పెట్టింది.

మర్నాడు సత్రం ముందు, బండి చల్లగా ఉండగానే, బాబాయ్ కవరు తీశాడు. నీళ్లు సరిగ్గా బొట్టు దగ్గరే ఉన్నాయి. పంపు కింద వేలు పెట్టి చూసి, పొడి వేలు నాకు చూపించి, మా మేనకోడల్ని పిలిచాడు.

“ఇంకో బొట్టుబిళ్ల ఉంటే ఇవ్వమ్మా. ఆ బ్రేక్ ఆయిల్ డబ్బా మీద గీత కూడా కనపడి చావట్లేదు.”