బెజవాడ కూడలి

మహాసభలకు విచ్చేయుచున్న ప్రతినిధులలో పెక్కుమంది మా నగరమును తొలిసారి దర్శింపబోవునది రైలుపెట్టె కిటికీనుండియే గనుక, నగరపరిచయము వ్రాయవలసినదని సంచిక సంపాదకులు నన్ను కోరినప్పుడు, రైలుస్టేషనుతోనే ఆరంభించుట ఉచితమని నాకు తోచినది. చెన్నపట్టణపు దారిని వచ్చువారికి కృష్ణాకెనాల్ స్టేషను దాటిన కొలది నిమిషములకే బండి వేగము తగ్గి, వంతెన దూలముల చప్పుడు మొదలై, ఎడమ ప్రక్కను ప్రకాశము బ్యారేజి తలుపుల వరుసయు, దానికి ఆవల ఇంద్రకీలాద్రిపై అమ్మవారి గుడి గోపురమును కానవచ్చును. అప్పుడు పెట్టెలోని పెద్దవారు చేతులు జోడించుటయు, పిల్లలచేత నదిలోనికి నాణెములు వేయించుటయు నేటికిని మానలేదు. విశాఖపట్టణము వైపునుండి వచ్చువారికి గుణదల కొండమీది శిలువయు, హైదరాబాదు వైపునుండి వచ్చువారికి కొండపల్లి దుర్గమున్న గుట్టలును ముందుగా స్వాగతము పలుకును.

కృష్ణవేణి సముద్రమునకు పోవుటకు దారి లేక కొండ అడ్డగింపగా, కొండలో బెజ్జము చేసి ఆమెకు త్రోవ యిచ్చిరనియు, అందువలననే ఈ ఊరు బెజ్జమువాడయై పిదప బెజవాడ యైనదనియు జనులు చెప్పుకొందురు. ఈ వ్యుత్పత్తిని పండితులు అంగీకరింతురో లేదో గాని, ఇతరులకు త్రోవ యిచ్చుటయే ఈ ఊరి స్వభావమని చెప్పుటకు ఇంతకంటె మంచి కథ నాకు దొరకలేదు. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ కృష్ణకు ఆనకట్ట కట్టినప్పుడు, ఇచ్చటినుండి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ బయలుదేరినవి. ఆ నీళ్లు పొలములను తడుపుటయే గాక పడవలను గూడ మోసెను. రైలు రాకమునుపు ధాన్యపు బస్తాలు గాని, పెండ్లివారు గాని ఆ పడవలమీదనే సాగిపోయెడివారు. ఇనుపదారి వచ్చిన తరువాతను అది కాలువల అడుగుజాడలలోనే నడచి, ఈ ఊరినే తన కూడలిగా ఎన్నుకొనెను.

1888లో సదరన్ మహరాట్టా రైల్వేవారి దారి పడమటినుండి వచ్చి చేరుటతో ఇచ్చట స్టేషను వెలసినది. మరుసటి సంవత్సరమే నిజాము రాజ్యపు రైలు సికిందరాబాదునుండి ఇచ్చటికి వచ్చి కలిసెను. 1893 మొదలు 1896 లోపల తూర్పుతీరపు రైలుదారి ఇచ్చటినుండి కటకము దాక సాగెను. 1899లో చెన్నపట్టణమునకు పెద్దపట్టాల మార్గము ఏర్పడెను. 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన నడకకు వచ్చెను. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గము పూర్తియగుటతో ఢిల్లీ–చెన్నపట్టణముల నడుమ సూటిదారి యేర్పడగా, అదియు బెజవాడ మీదుగనే పోవలసివచ్చెను. నాలుగు దశాబ్దముల కాలములో ఒక యేటియొడ్డు ఊరు నాలుగు దిక్కులకును ముడియై నిలిచినది. ఊరిపేరు విజయవాడగా మారి ఎంతకాలమైనను, టిక్కెట్టుమీద నేటికిని పడునవి బి, జెడ్, ఏ అను మూడక్షరములే. మా ఊరి పాతపేరును ప్రతిదినము వేలకొలది టిక్కెట్లపై భద్రపరచుచున్నందులకు రైల్వేవారికి నేనెంతయు కృతజ్ఞుడను.

దేశపు నలుమూలల ప్రతినిధులు ఇచ్చట సమావేశమగుట మీతోనే మొదలు కాలేదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటి సభ్యులు, దేశమున ఇరువది లక్షల రాట్నములు కూర్పవలెనని తీర్మానించినది. పింగళి వెంకయ్యగారు తాము రూపొందించిన జెండాను గాంధీమహాత్మునకు సమర్పించినదియు ఆ సందర్భముననే. ఉత్తరాదివారికిని దక్షిణాదివారికిని సమానముగా అందుబాటులో నుండు చోటు మా ఊరని నాటి పెద్దలు గుర్తించుటకు ఈ కూడలియే కారణమని నా నమ్మకము.

ఇప్పుడు స్టేషనులో పది ప్లాట్‌ఫారములున్నవి. దూరపు బండ్లు ఇచ్చట ఇతర స్టేషనులలోవలె నిమిషము రెండు నిమిషములు ఆగి పరుగెత్తవు. ఇంజను నడుపువారును గార్డును ఇచ్చట మారుదురు. పట్టాల నడుమ గొట్టములు తగిలించి బోగీలన్నింటికి నీళ్లు పట్టుదురు. ఆ పది పదిహేను నిమిషముల నిలుకడయే ఈ స్టేషనునకు ఒక విశిష్టమైన జీవితము నిచ్చినది. "ఇడ్లీ వడ, ఇడ్లీ వడ" అను కేక దూరమునుండి దగ్గరకు వచ్చి మరల దూరమగుచుండగా, శ్రీకాకుళపు యాసయు, నెల్లూరు సాగదీతయు, తెలంగాణపు పలుకుబడియు, బళ్లారి దారిని వచ్చిన రాయలసీమ మాటయు ఒకే నీళ్లకుళాయివద్ద వినవచ్చును. తెలుగుభాష ఎంత విశాలమైనదో నిఘంటువులకంటె నాకు ముందుగా నేర్పినది ఆ కుళాయియే.

నా చిన్నతనమున మేము తారాపేటలో, స్టేషనునకు పడమటి ప్రక్కను ఉండెడివారము. బంధువులనుండి కార్డు వచ్చెడిది: ఫలానా తేదీన మెయిలులో మీ ఊరి మీదుగా పోవుచున్నాము, వీలైనచో కనబడవలసినది. అంతే, మా మేనత్త ఆనాడు తెల్లవారకమునుపే పొయ్యి రాజేసెడిది. ఇత్తడి క్యారేజీలో అడుగుగిన్నె అన్నము, దానిపై దోసకాయపప్పు, ఆపైని వంకాయకూర, అన్నిటికంటె పైగిన్నెలో పెరుగు. ప్రక్కను చిన్న సీసాలో గోంగూర. విస్తరాకులు నా చేతికిచ్చి, ప్లాట్‌ఫారముమీద బండి ఇంకను ఆగకమునుపే, "ఒరేయ్, నువ్వు అటు చూడు, నేను ఇటు చూస్తా" అని కిటికీలవెంట నడచెడిది. దొరకినవారి మొగము చూచి పలికెడి మొదటిమాట యోగక్షేమములు కాదు. "ముందు తినండి, వేడిగా ఉంది" అనుట. ఒకమారు మా పినతండ్రి కూతురు కలకత్తానుండి నాలుగునెలల బిడ్డతో పోవుచు, బోగీ తలుపువద్ద ఆ బిడ్డను అత్తచేతికి అందించినది. బండి కూతవేయు వరకు అత్త ఆ బిడ్డను ఎత్తుకొనియే యుండెను. పెరుగుగిన్నె నా చేతిలోనే మిగిలిపోయెను. ఖాళీ క్యారేజీలు మరుసటి ప్రయాణమున తిరిగివచ్చెడివి. మా యింటిలో ఒక క్యారేజీ మద్రాసులో మూడేండ్లుండి వచ్చినది. నేటికిని ఈ ఆచారము పోలేదు. ఇత్తడి పోయి స్టీలు వచ్చినది, కార్డు పోయి ఫోను వచ్చినది.

ఈ స్టేషను సొంతబిడ్డలని మేము ప్రేమగా చెప్పుకొను బండ్లు మూడున్నవి. తెల్లవారి ఆరుగంటల ప్రాంతమున కొలది నిమిషముల తేడాతో ఆ మూడును మూడు దిక్కులకు బయలుదేరును: పినాకిని చెన్నపట్టణమునకు, రత్నాచల్ విశాఖపట్టణమునకు, శాతవాహన సికిందరాబాదునకు. చెన్నపట్టణము 431 కిలోమీటర్లు. తక్కిన రెండును ఇంచుమించు 350 చొప్పున, త్రాసులో తూచి పెట్టినట్లుండును. పినాకిని యనగా పెన్న. ఆ బండి నెల్లూరువద్ద తన పేరుగల నదినే దాటును. రత్నాచలము అన్నవరము సత్యనారాయణస్వామి కొండ. ఆ బండి ఆ కొండక్రింద ఆగి యాత్రికులను దింపును. శాతవాహనులు తెలుగునేలనేలిన ప్రాచీన రాజవంశము. ఒక నది, ఒక కొండ, ఒక వంశము పేర బండ్లను నడపిన నామకర్తల రసికత ప్రశంసనీయము. ఉదయమున వెళ్లిన మూడును సాయంకాలము మొదలు రాత్రి వరకు ఒకటొకటిగా ఇల్లు చేరును. చలికాలపు వేకువను, మంచులో మూడు దీపములు మూడు ప్లాట్‌ఫారములపై వెలుగుచుండగా, కాఫీ లోటా చేతబట్టుకొని నిలుచుండుటకంటె ఈ ఊరిలో నాకు ప్రియమైన దృశ్యము లేదు.

తక్కిన బండ్ల జాబితా పెద్దది, కాలసూచికలో చూచుకొనవచ్చును. సికిందరాబాదు–విశాఖపట్టణము నడుమ 2023 జనవరిలో ఆరంభమైన వందేభారత్ ఇచ్చట ఆగును. అదే సంవత్సరము సెప్టెంబరులో విజయవాడ–చెన్నై వందేభారత్ రేణిగుంట మీదుగా ఆరంభమైనది. హుబ్బళ్లికి పోవు అమరావతి ఎక్స్‌ప్రెస్ గుంటూరు, నంద్యాల, గుంతకల్లుల మీదుగా ఆనాటి సదరన్ మహరాట్టావారి పాతదారినే పట్టిపోవును. ఒకపూట తీరికయున్నవారు గుడివాడమీదుగా మచిలీపట్టణమునకు పోవు చిన్నబండి నెక్కి, సుమారు 80 కిలోమీటర్ల దారిలో కృష్ణాడెల్టా వరిచేలను చూడవలెనని నా మనవి.

కూడలి యగుటవలన కష్టములును కూడలికే వచ్చును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి నగరపు పేటలు నీటమునిగినప్పుడు, రాయనపాడువద్ద పట్టాలపైకి నీరు వచ్చెను. అదే వేళ మానుకోట సమీపమున పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను. ఉత్తరదిశకు పోవు బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయినవి. నడుమునీటిలో నిలిచి కట్టలు పూడ్చి, కొలదిదినములలో దారిని మరల నిలబెట్టిన గ్యాంగుమనుష్యుల పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు. వారికి ఈ సంచికలో నమస్కరించుట నా కర్తవ్యము.

ప్రతినిధులు తూర్పు ద్వారమున దిగినచో గాంధీనగరము, గవర్నరుపేటల వసతిగృహములు దగ్గర. దుర్గగుడికిని పాతబస్తీకిని పోవలెనన్నచో తారాపేట వైపు ద్వారమే మేలు. దసరాలలో వచ్చువారు మాత్రము భవానీల ఎర్రవస్త్రములతో స్టేషను నిండియుండునని తెలిసి, చేతిసామాను తక్కువగా తెచ్చుకొనవలెను. ఇక తిరుగుప్రయాణమునకు ముందురోజు సాయంకాలములోగా ప్రతినిధులందరు తమ బండి పేరును, బోగీ నంబరును సభావేదికవద్ద బల్లమీదనున్న పుస్తకములో వ్రాయవలెనని కోరుచున్నాము. ఆహ్వానసంఘమువారి ఇండ్లనుండి పులిహోర, పెరుగన్నము పొట్లములు ప్లాట్‌ఫారముమీదికి వచ్చును. మీరు కిటికీ ప్రక్కను కూర్చుండిన చాలును.