కాలువలో నీటిగోడ

ఎండిపోయిన కాలువలోకి నీళ్ళు వదిలితే ఎలా వస్తాయో మీరెప్పుడైనా చూశారా?

మాది అయిజ. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట నుంచి మా వైపుకు కాలువ వస్తుంది. నా చిన్నతనంలో పైన తలుపులు ఒక్కసారిగా ఎత్తితే, నీళ్ళు మెల్లగా పెరిగేవి కావు. ఎండుగడ్డినీ, నురుగునూ తోసుకుంటూ జానెడెత్తు గోడలా వచ్చేవి. ముందు పొడినేల, వెనక నిండునీరు!

ఒక సాయంత్రం మా నాయన నన్ను గట్టుమీద కాపలా వుంచాడు. గోడ దూరాన కనిపించింది. "ఇంకా చాలాసేపు పడుతుందిలే" అనుకుని పల్లికాయలు వొలుచుకుంటూ కూచున్నాను. తల ఎత్తేసరికి అది మా తూము దాటిపోయింది. మా వంతులో కొంత పోయింది, కిందిమడికి నీరందలేదు. నాయన తిట్టలేదు. తిట్టి వుంటేనే బాగుండేది.

అటువంటి కాలువే ఆకాశంలోనూ వున్నది. సూర్యుడి నుంచి విద్యుత్కణాల గాలి ఎల్లవేళలా వీస్తూ వుంటుంది. అది సౌరపవనం. మామూలుగా దాని వేగం సెకనుకు సుమారు 400 కిలోమీటర్లు. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరం. ఎన్ని రోజులు పడుతుందో మీరే లెక్క వేయండి. అప్పుడప్పుడు సూర్యుడు ఒక పెద్ద ముద్దను మరింత వేగంగా విసురుతాడు. తప్పుకోమనే కబురు ముందుగాలికి అందేలోపే ఆ ముద్ద మీద పడుతుంది. అప్పుడు లేచే గోడే ఆఘాతతరంగం. 1989 మార్చిలో వచ్చిన సౌరతుఫానుకు కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో 60 లక్షల మందికి సుమారు 9 గంటలసేపు కరెంటు పోయింది. 2024 మేలో వచ్చిన తుఫానుకు లడాఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబడింది.

మరి ఆ గోడ ఎప్పుడు వస్తుందో చెప్పడం ఎలా? సూర్యుడికీ, భూమికీ మధ్యవున్న చోటును శాస్త్రజ్ఞులు కంప్యూటరులో లక్షల గళ్ళుగా విభజిస్తారు. ప్రతి గడిలోనూ గాలి ఎంత, వేగమెంత, వేడి ఎంత, అయస్కాంతబలం ఎంత అని వేసుకుంటారు. కొద్దికాలం గడిచాక ఏ గడినుంచి పక్కగడికి ఎంత పోయిందో కడతారు. ఒకటి పోగొట్టుకున్నది రెండోదానికి చేరాలి. మధ్యలో మాయం కాకూడదు. తరవాత మరి కొద్దికాలం, మళ్ళీ లెక్క.

ఈ "కొద్దికాలం" ఎక్కువైతే తరంగం ఒకే అంగలో గళ్ళు దాటేస్తుంది, లెక్క తలకిందులై పిచ్చి అంకెలు వస్తాయి. నా పల్లికాయల తప్పే అది! గోడతో ఇంకొక తంటా కూడా వున్నది. గళ్ళు పెద్దవైతే నిటారుగోడ కాస్తా వాలుగట్టులా కరిగిపోతుంది. పదునుగా నిలపబోతే, దాని పక్కన నిజంగా లేని అలలు లేస్తాయి. ఈ రెండూ లేకుండా చేయడానికి గణితవేత్తలు చాలా ఏళ్ళు తల బద్దలుకొట్టుకున్నారు.

2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందున తన చోటు చేరుకున్నది. సౌరపవనాన్ని కొలిచే పరికరాలు దానిలో వున్నాయి. గట్టుమీద కాపలా పిల్లవాడన్నమాట! కాని అక్కడినుంచి మామూలు గాలి మనను చేరడానికి గంటే పడుతుంది. రెట్టింపు వేగంతో వచ్చే తరంగమైతే అరగంట. అందుకే గోడ ఇంకా దూరాన వుండగానే లెక్క తేలాలి.

ఈసారి కాలువకు నీళ్ళు వదిలినప్పుడు పెద్దవాళ్ళతో కలిసి గట్టుమీదికి వెళ్ళండి. వంద అడుగులకొక గుర్తు పెట్టి, గోడ ఒక్కొక్క గుర్తు దగ్గరికి ఎప్పుడు వచ్చిందో గడియారం చూసి రాయండి. తరవాతి గుర్తుకు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పి చూడండి. పల్లికాయలు మాత్రం ఇంటిదగ్గరే వుంచి వెళ్ళండి.