తూటాల ఊళ్లో... పొదుపు పాఠం!

అమెరికా నడిబొడ్డున నెబ్రాస్కా రాష్ట్రం. కనుచూపు మేరా మొక్కజొన్న చేలు. వాటి మధ్య ఇసుక తిన్నెల్ని చుట్టుకుంటూ నిదానంగా పారే ప్లాట్ నది. ఏటా మార్చి వచ్చిందంటే చాలు, లక్షల సంఖ్యలో శాండ్‌హిల్ కొంగలు ఆ తిన్నెల మీద వాలిపోతాయి. ఆ నది దగ్గరే ఉంది గ్రాండ్ ఐలాండ్ పట్టణం. పక్షి ప్రేమికులకు అది కొంగల ఊరు. సరదాగా గురిచూసి కాల్చేవాళ్లకు మాత్రం గుండ్ల ఊరు! తుపాకి గుండ్ల తయారీలో పేరున్న హార్నడీ కంపెనీ పుట్టిందీ, నడుస్తోందీ ఇక్కడే.

ఖాళీ డొప్పలే పెట్టుబడి

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942లో ఈ ఊరి పక్కన బాంబులు తయారుచేసే కార్న్‌హస్కర్ కర్మాగారం వెలిసింది. దాని కాపలాదారులకు గురి నేర్పడానికి వచ్చినవాడే జాయిస్ హార్నడీ. యుద్ధకాలంలో సరదా షూటింగుకు గుండ్లు దొరకడం గగనమైపోయింది. అప్పుడు ఆయనా, వెర్నన్ స్పీర్ అనే మిత్రుడూ కలిసి ఓ ఉపాయం పన్నారు. పాయింట్ 22 తూటాలు కాల్చాక మిగిలే ఖాళీ డొప్పలు మళ్లీ నింపడానికి పనికిరావు. వాటినే తొడుగులుగా మలిచి, లోపల సీసం పెట్టి గుండ్లు తయారుచేశారు. పారేసేదాంట్లోంచే సరుకు పుట్టింది!

1949లో హార్నడీ సొంతంగా కంపెనీ పెట్టాడు. మొదటి సరుకు పాయింట్ 30 కొలత, 150 గ్రెయిన్ల గుండు. అంటే సుమారు 9.7 గ్రాములు. అంతలోనే కొరియా యుద్ధం వచ్చి రాగికి కరువొచ్చింది. కొంతకాలం వేరే సరుకులు చేసి నెట్టుకొచ్చారు. గుండు ధర రాగి, సీసాల వెంటే నడుస్తుందని ఈ ఊరికి అప్పుడే తెలిసింది. నేటికీ ఆ లెక్క మారలేదు.

గుండు వేరు, తూటా వేరు

సినిమాల్లో రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి డొప్ప, అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, కొసన గుండు. తుపాకిలోంచి దూసుకెళ్లేది గుండు మాత్రమే. డొప్ప చేతికి చిక్కుతుంది. బాగుంటే దాన్ని మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. అక్కడ సొంత వాడకానికి ఇంట్లో తూటాలు నింపుకోవడానికి ప్రత్యేకంగా ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గరైతే తూటాలన్నీ 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకే వస్తాయి.

డొప్ప మిగులుతుంది కాబట్టి ప్రతిసారీ కొనాల్సినవి మందు, ప్రైమరు, గుండు. వీటిలో జేబుకు ఎక్కువగా చిల్లు పెట్టేది సాధారణంగా గుండే. అందుకే ఆదివారం పూట కాగితం మీద కాల్చుకునేవాళ్ల మొదటి ప్రశ్న... ఏ గుండు గిట్టుబాటు?

ఏది చవక?

అన్నిటికన్నా చవక పోత పోసిన సీసం గుండు. నెమ్మదిగా వెళ్లే పిస్తోలు తూటాలకు చక్కగా సరిపోతుంది. వేగం పెరిగితే మాత్రం గొట్టంలో సీసం అంటుకుంటుంది. ఆ పై మెట్టు సీసానికి పల్చగా రాగి పూత వేసినవి. వాటికీ వేగం విషయంలో హద్దుంటుంది. తర్వాతిది గట్టి రాగి తొడుగున్న గుండు. రైఫిల్‌తో సాధన చేసేవాళ్లకు ఇదే నమ్మకస్తురాలు. ఖరీదైనవి పోటీల కోసం చేసిన ‘మ్యాచ్’ గుండ్లు, వేట గుండ్లు. తగలగానే విచ్చుకునేలా చేసిన వేట గుండు కాగితానికెందుకు? వంద గజాల దూరానికి పోటీ గుండు అవసరం కూడా అంతంతే!

కొనేటప్పుడు డబ్బా ధర చూస్తే మోసపోతాం. ఒక్కో గుండుకు ఎంత పడుతుందో చూడాలి. రవాణా ఖర్చూ కలుపుకోవాలి. 9 మిల్లీమీటర్ల పిస్తోలుకు వాడే 115 గ్రెయిన్ల గుండ్లు వెయ్యి కొంటే బరువే ఏడున్నర కిలోలు! ఒకే కొలతలో తేలిక గుండుకు లోహం తక్కువ కాబట్టి ధరా తగ్గొచ్చు. కానీ ఒకేసారి వేలల్లో కొనకుండా ముందు ఒక డబ్బా తెచ్చి కాల్చి చూడాలి. ఒక తుపాకికి నచ్చింది ఇంకోదానికి నచ్చదు మరి. కొన్ని మైదానాల్లో అయస్కాంతం పెట్టి చూస్తారు. గుండు అతుక్కుంటే, అందులో ఉక్కుందని లోపలికి రానివ్వరు. ఆ సంగతీ ముందే కనుక్కోవాలి.

పొదుపు చేయకూడని చోటు ఒకటుంది. ఏ గుండుకు ఎంత మందు అనేది ఆ గుండుకోసం ముద్రించిన పుస్తకం చూసే వేయాలి. ఉజ్జాయింపు లెక్కతో వేస్తే తుపాకే పేలిపోవచ్చు. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా తిండి జోలికి వెళ్లకూడదు. పిల్లలున్న ఇంట్లో అయితే మరీ జాగ్రత్త.

నేల చెప్పే లెక్క

డబ్బా మీద కనిపించని ధర ఒకటుందని కూడా ఈ ఊరికి తెలుసు. పాత బాంబుల కర్మాగారం నుంచి ఆర్‌డీఎక్స్ భూగర్భ జలాల్లోకి ఇంకింది. 1980లలో అది ఊరి పడమటి పక్క బావుల్లో బయటపడింది. వందల ఇళ్లకు పట్టణం కుళాయి నీళ్లు ఇవ్వాల్సి వచ్చింది. 1987లో ప్రభుత్వం ఆ స్థలాన్ని దేశంలో తప్పనిసరిగా శుద్ధి చేయాల్సినవాటి జాబితాలో చేర్చింది. ఆ కర్మాగారం నేలల్లోనే ఇప్పుడు పట్టణానికి చెందిన హార్ట్‌లాండ్ షూటింగ్ పార్కు ఉంది. వేసవిలో 4-హెచ్ పిల్లల జాతీయ గురి పోటీలకు దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు ఇక్కడికి వస్తాయి. సాధనకు అయ్యే ఖర్చు తల్లిదండ్రులదే కాబట్టి, ఒక్కో గుండుకు ఎంతన్న లెక్క వాళ్లకు చిన్న విషయం కాదు.

ఇలా వెళ్లాలి

ఒమాహా నుంచి ఇంటర్‌స్టేట్ 80 మీద పడమటికి సుమారు 240 కిలోమీటర్లు. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా వెళ్తే కొంగల్ని కళ్లారా చూడొచ్చు. ఈ పక్షులు ప్రయాణించే మధ్య అమెరికా దారిలో వాటి వేటకు అనుమతివ్వని రాష్ట్రం నెబ్రాస్కా ఒక్కటే. ఊళ్లో లెక్కలేనన్ని గుండ్లు తయారవుతున్నా, నది మీది కొంగ జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు!