గుర్రమా, ఆయుధమా?

పాత్‌ఫైండర్ అనే రోల్‌ప్లేయింగ్ గేమ్ మొదటి ఎడిషన్‌లో పాలడిన్ వేషం కట్టినవాళ్లు ఐదో లెవెల్‌కి చేరగానే ఒక సంగతి తేల్చుకోవాలి. దేవత ఇచ్చే వరం గుర్రం రూపంలో కావాలా, ఆయుధం రూపంలో కావాలా? రెండూ ఇవ్వరు. ఒకసారి కోరుకున్నాక మార్చుకోవడానికీ లేదు. ఈ నియమం పేరు డివైన్ బాండ్. పుస్తకంలో కొన్ని పేరాలే ఉంటుంది. ఈ మధ్యే తొలిసారి చదివాను. అప్పటినుంచి ఎవరు కనబడినా దీని గురించే చెబుతున్నాను. అబ్బ, ఎంత గొప్ప ఊహ!

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. ఆ లోకంలో కొండలూ కోటలూ దెయ్యాలూ అన్నీ ఆయన చెబితేనే పుడతాయి. మిగతావాళ్లు తలా ఒక పాత్రను ఎంచుకుని, ఆ పాత్ర నోటితోనే మాట్లాడతారు. జరుగుతుందో జరగదో తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పాలడిన్ అంటే దైవానికి మాటిచ్చి కత్తి పట్టిన మనిషి. అబద్ధమాడకూడదు, మోసం చేయకూడదు, విషం వాడకూడదు. 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ మూల పుస్తకం పాలడిన్‌ని మొదటినుంచీ ‘ఆమె’ అనే అంటుంది. ఎందుకంటే అందులో పాలడిన్ బొమ్మలో ఉన్నది సీలా అనే స్త్రీ. చిన్నతనంలో ఒక వీరవనిత శిరస్త్రాణాన్ని దొంగిలించింది సీలా. అది లేకుండానే యుద్ధానికి వెళ్లిన ఆ వీరవనిత తలకు దెబ్బ తగిలి చనిపోయింది. ఆ భారం మోయలేకనే సీలా పాలడిన్ అయింది. అలాంటి మనిషికి దేవత ఏదైనా కోరుకోమంటే ఏం కోరుకుంటుంది? ఈ ప్రశ్నలోనే నాకు సగం కథ కనబడింది.

మొదట ఆయుధం సంగతి చెబుతాను. ఆయుధం కోరుకుంటే కొత్త కత్తేమీ రాదు. చేతిలో ఉన్న కత్తిలోకే స్వర్గం నుంచి ఒక ఆత్మను పిలవచ్చు. పిలవగానే కత్తి కాగడాలా వెలుగుతుంది. ఎన్నో లెవెల్‌లో ఉంటే అన్ని నిమిషాలు ఆ ఆత్మ కత్తిలో ఉంటుంది. ఐదో లెవెల్‌లో ఐదు నిమిషాలంటే కొంచెమే కదా అనుకుంటాం. కానీ ఈ ఆటలో పోరాటంలో ఒక్కో వంతు ఆరు సెకన్లే. అంటే యాభై వంతులు! ఒక గదిలో పోరు ముగించి, వెలుగుతున్న కత్తితోనే పక్క గది తలుపు తన్నవచ్చు.

ఇక అసలు అందం. ఐదో లెవెల్‌లో ఆ ఆత్మ ఇచ్చే బలం +1. ఆ తర్వాత ప్రతి మూడు లెవెళ్లకూ ఇంకో ఒకటి కలుస్తూ ఇరవయ్యో లెవెల్‌కి +6 అవుతుంది. ఆ బలాన్ని ఎలా ఖర్చుపెట్టాలో ఆత్మను పిలిచే క్షణంలోనే ఎంచుకోవాలి. ట్రోల్ అనే రాక్షసి ఎదురైందా? దాని గాయాలు వాటంతటవే మానిపోతాయి. నిప్పు గానీ ఆమ్లం గానీ తగిలితేనే ఆ మానడం ఆగుతుంది. అందుకని ఆ పూట కత్తికి మంట తొడగాలి. ఇంకో రోజు పదును కావాలనిపిస్తే కీన్ అనే గుణాన్ని అడగవచ్చు. మామూలు లాంగ్‌స్వోర్డ్‌కి పాచిక మీద 19 గానీ 20 గానీ పడితేనే గట్టి దెబ్బకు అవకాశం. కీన్ ఉంటే 17 నుంచే ఆ అవకాశం వస్తుంది. ఎనిమిదో లెవెల్‌కి చేరాక, కత్తికి ముందే కాస్త మాయాబలం ఉంటే, దాన్ని పవిత్రాయుధం చేయవచ్చు. అప్పుడు దుష్టుల మీద పడే ప్రతి దెబ్బకూ రెండు పాచికల నష్టం అదనం. ఒకే కత్తి సోమవారం అగ్ని, మంగళవారం పదును, బుధవారం పవిత్రం! ఆ వచ్చే ఆత్మ ఎవరో పుస్తకం చెప్పదు. ప్రతిసారీ ఒకరే వస్తారా, పిలిచినప్పుడల్లా వేరొకరా? అదీ చెప్పదు. ఆ ఖాళీని ఆడేవాళ్లకే వదిలేశారు. నాకైతే అది సీలా దొంగిలించిన శిరస్త్రాణం తాలూకు ఆ వీరవనితే అయి ఉండాలనిపిస్తుంది. పుస్తకంలో లేని మాటే. అయినా ఒక్క పేరా ఇంత ఊహకు దారి ఇచ్చింది చూడండి!

ఇంతటి వరాన్ని ఎవరైనా ఎందుకు వదులుకుంటారు? గుర్రం గురించి చదివేదాకా నాకూ అదే అనుమానం.

ఈ ఆటలో మామూలు గుర్రం తెలివి 2. సగటు మనిషిది 10. పాలడిన్ దగ్గరికి వచ్చే గుర్రానికి కనీసం 6 ఉంటుంది. ఈ ఒక్క అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మనిషిలో సగానికి పైగా తెలివి ఉన్న గుర్రం! అది వాహనం కాదు, జట్టులో ఇంకో మనిషి. గుహ ముందు ఆగి లోపలికి రానని మొండికేస్తే దానికి కారణం ఉంటుంది. పాలడిన్ పెరుగుతుంటే అదీ పెరుగుతుంది, కొత్త ఒడుపులు నేర్చుకుంటుంది. రోజుకోసారి, ఎంత దూరంలో ఉన్నా, పిలిస్తే పక్కన ప్రత్యక్షమవుతుంది. పదిహేడో లెవెల్‌కి రోజుకు నాలుగుసార్లు పిలవచ్చు. పదకొండో లెవెల్‌లో దానికి దివ్యత్వం వస్తుంది. చీకట్లో చూపు వస్తుంది. చలి, ఆమ్లం, పిడుగు దాన్ని అంతగా బాధించవు. అన్నిటికంటే నన్ను ఊపేసింది ఏమిటంటే, పాలడిన్‌కి మాత్రమే సొంతమనుకున్న స్మైట్ ఈవిల్, అంటే దుష్టుణ్ణి ఎంచి కొట్టే శక్తి, రోజుకోసారి గుర్రానికీ వస్తుంది! గిట్టతో కొట్టే దెబ్బలో దేవుడుంటాడన్నమాట. పదిహేనో లెవెల్‌కి చేరితే శత్రువుల మంత్రాలు కూడా దానిమీద అంత తేలిగ్గా పనిచేయవు.

రెండు వరాలకూ ఒకే శిక్ష రాసి ఉంది. ఆత్మ ఉన్న కత్తి ముక్కలైనా, గుర్రం చచ్చిపోయినా, ముప్పై రోజులపాటు, లేదా తర్వాతి లెవెల్ వచ్చేదాకా, ఏది ముందైతే అది, ఆ వరం ఉండదు. అన్ని రోజులూ వేసే ప్రతి దెబ్బలోనూ, దాని నష్టంలోనూ ఒకటి తగ్గుతుంది. మైనస్ ఒకటి, అంతే. దుఃఖంలో ఉన్న మనిషి చెయ్యి కాస్త తడబడుతుందని అంకెల్లో రాశారు! పాలడిన్ మాట తప్పి ధర్మం విడిస్తే శక్తులన్నీ పోతాయని చెప్పేచోట కూడా, గుర్రం సేవ పోతుందని పుస్తకం పేరు పెట్టి మరీ చెబుతుంది. కత్తి వెలగడం మానేస్తుంది, కానీ చేతిలోనే ఉంటుంది. గుర్రం మాత్రం ఉండదు. ప్రాయశ్చిత్తం చేసుకుని తిరిగి వచ్చేదాకా ఆ ఖాళీ అలాగే ఉంటుంది. గేమ్ మాస్టర్‌కి కాస్త మనసుంటే ఆ ఒక్క వాక్యంతో ఎన్ని వారాల కథ నడపవచ్చో!

ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందా అని వెనక్కి తవ్వుతూ పోతే ఇంకా బాగుంది. పాలడిన్లంటే ఫ్రాన్సు కథల్లో షార్లమేన్ చక్రవర్తి కొలువులోని పన్నెండుమంది వీరులు. వాళ్లలో పెద్దపేరు రోలాండ్‌ది. 778లో పిరనీస్ కొండల్లో సైన్యం వెనక భాగాన్ని కాస్తూ చనిపోయాడు. కొట్టింది నిజానికి బాస్క్ జనం. మూడు శతాబ్దాల తర్వాత ఆ కథను కావ్యంగా గానం చేసినవాళ్లు శత్రువును మార్చి, ఆ చిన్న దాడిని మహాయుద్ధం చేశారు. ఆ కావ్యంలో రోలాండ్‌కి రెండూ ఉన్నాయి. గుర్రం పేరు వేయాంతిఫ్, కత్తి పేరు దురందాల్. కత్తి పిడిలో సాధువుల అవశేషాలు దాచి ఉంటాయి, అంటే అప్పటికే ఆయుధంలో ఆత్మ ఉందన్నమాట! చివరి పోరులో గుర్రం అతని కింద కూలిపోతుంది. కత్తి శత్రువు చేతిలో పడకూడదని బండకేసి కొడతాడు, అది విరగదు. చచ్చిపోయే గుర్రమూ, విరగని కత్తీ. ఐదో లెవెల్ ప్రశ్నకు రెండు వైపులూ అక్కడే ఉన్నాయి.

ఆటలోకి పాలడిన్ వచ్చింది 1975లో, పాత్‌ఫైండర్‌కి మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి అనుబంధంగా వచ్చిన గ్రేహాక్ పుస్తకంతో. పోల్ ఆండర్సన్ 1961 నవల ‘త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్’ దానికి ప్రేరణ అంటారు. అందులో రెండో ప్రపంచయుద్ధంలో పోరాడుతున్న ఒక డేనిష్ ఇంజనీరు వేరే లోకంలో కళ్లు తెరుస్తాడు. అతని కోసం గుర్రం ముందే సిద్ధంగా ఉంటుంది. మహిమ గల కత్తిని మాత్రం వెతుక్కోవాలి. 1978 నాటి నియమాల్లో నాలుగో లెవెల్ పాలడిన్ యుద్ధాశ్వాన్ని పిలవచ్చు, కానీ పదేళ్లకు ఒక్కసారే! 2003 నాటి నియమాల్లోనూ ఐదో లెవెల్‌లో గుర్రమే వచ్చేది, వేరే దారి లేదు. గుర్రమో ఆయుధమో తేల్చుకోమన్నది పాత్‌ఫైండర్ మూల పుస్తకమే. ఆ గీత గీసినవాళ్లకు నా దండం. మనం దసరాకు కత్తికీ బండికీ కలిపి పసుపుకుంకుమలు పెడతాం, ఒకటే ఎంచుకోమంటే ఏం చేస్తాం?

గుర్రం వద్దనేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఈ ఆటలో సగం జీవితం నేలమాళిగల్లోనే గడుస్తుంది. అక్కడి దారులు ఐదడుగుల వెడల్పుంటే గొప్ప. గుర్రానికి పదడుగుల చోటు కావాలి. మా గేమ్ మాస్టర్‌ని అడిగితే, “కోట బయట కట్టేసి రా తమ్ముడూ, పెద్ద హాలు కనబడినప్పుడు పిలుచుకో” అన్నాడు. మంచి ఉపాయమే. కానీ ఆరు తెలివి ఉన్న ప్రాణిని బయట కట్టేసి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు.

జవాబు పుస్తకంలోనే దొరికింది. గుర్రమే కానక్కర్లేదు! పొట్టివాళ్లయిన హాఫ్లింగ్ జాతి పాలడిన్లు కుక్కనెక్కి యుద్ధానికి వెళ్లవచ్చు. తోడుగా వచ్చే కుక్క మొదట చిన్నదిగానే ఉంటుంది. నాలుగో లెవెల్‌లో ఎదిగి, హాఫ్లింగ్‌ను మోసేంత అవుతుంది. అంటే ఐదో లెవెల్‌లో పాలడిన్ దగ్గరికి వచ్చేసరికే ఎదిగి ఉంటుంది. ఐదడుగుల దారిలో హాయిగా పడుతుంది. ఇంకో అద్భుతం చూడండి. స్వారీలో పోరాడేవాళ్లు నేర్వాల్సిన మూడు ఒడుపులు మౌంటెడ్ కాంబాట్, రైడ్-బై అటాక్, స్పిరిటెడ్ చార్జ్. కొత్త ఒడుపులు ఒకటి, మూడు, ఐదు లెవెళ్లలో వస్తాయి. మొదటి లెవెల్‌నుంచే ఆ వరసలో పోతే, వాహనం వచ్చిన రోజే మూడోదీ చేతికొస్తుంది! లాన్స్ అనే పొడుగు బల్లెం పట్టుకుని దూకితే దెబ్బ మూడింతలు. స్మైట్ ఈవిల్ ఇచ్చే 5 పాయింట్లు ఒక్క పోటులో 15 అవుతాయి.

నేను కుక్కనే కోరుకుంటున్నాను. పవిత్రాయుధం వదులుకోవాలి, ట్రోల్ వస్తే నిప్పుకోసం పక్కవాళ్లను అడగాలి, నాకు తెలుసు. అయినా నేనేం మాట్లాడినా వినే ప్రాణి, దారిలో ఆగి మూతి ఎత్తి వాసన చూసి ‘ఇటు వద్దు’ అని చెప్పగల ప్రాణి కావాలి. తెలివి 6 ఉన్న కుక్క ఎలా ప్రవర్తిస్తుందో గేమ్ మాస్టర్‌తో అప్పుడే మాట్లాడుకుంటున్నాం. దానికి జట్టులో ఎవరంటే ఇష్టం, ఎవరంటే గిట్టదు, వర్షమంటే భయమా, నిచ్చెన ఎక్కగలదా అని. నిచ్చెన మాత్రం ఎక్కలేదట. తాడూ బుట్టా కొనుక్కోవాలి.